వాడ బోరింగు, క్లబ్బు పచ్చిక

నిజామాబాద్,
12 ఏప్రిల్ 1987

అక్కా,

నీకూ బావకూ వందనాలు. ఆరోగ్యాలూ పిల్లల చదువులూ ఇంకో ఉత్తరంలో అడుగుతాను. ఈసారి నీతో పడిన పని వేరు. దీన్ని నా అక్కగా కాకుండా, బోధన్ ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే టీచరమ్మగా చదువు.

నేను మేనేజరుగా చేరినప్పుడు ఈ క్లబ్బుకు రెండే రెండు గొప్పలు ఉన్నాయని చెప్పారు. ఒకటి బిలియర్డ్స్ బల్ల, రెండోది పచ్చిక. బల్ల గుడ్డ చిరిగి చాలా కాలమైంది. ఇక మిగిలింది పచ్చికే. పోయినేడు వానలు ముఖం చాటేసినా మా బావి మీది మోటరు దాన్ని బతికించింది. వంటకూ స్నానాల గదులకూ నల్లా నీళ్ళు వస్తాయి. మోటరు ఒక్క పచ్చిక కోసమే తిరుగుతుంది.

క్లబ్బు వెనక వాడలో ఒక బోరింగు ఉంది, చేత్తో కొట్టేది. ఆ వాడంతటికీ అదే దిక్కు. మన చర్చికి వచ్చే గంగమణి ఇల్లు అక్కడే. పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను ఆపి, "సారూ, మీ మోటరు మొత్తుకున్నంత సేపు మా బోరింగు మూగవోతది. జర ఎందుకో సూడుండ్రి" అంది. నాకు నమ్మకం కలగలేదు. మా తోటమాలి పోశయ్యను మోటరు దగ్గర నిలబెట్టి, నేను వెళ్ళి బోరింగు కొట్టాను. వాడలో ఆడవాళ్ళంతా చూస్తున్నారు. మోటరు ఆగి ఉన్నంతసేపు నీళ్ళు వచ్చాయి. పోశయ్య మోటరు వేసిన కాసేపటికి నా చేతిలో పిడి తేలికైపోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అడుగున రెండూ ఒకటే నీళ్ళన్నమాట. మేము గడ్డికి పోస్తున్నది వాళ్ళ కుండల్లోది.

కమిటీలో ఈ మాట చెప్పాను. ప్రెసిడెంటు బాపురావుగారు పసుపు వ్యాపారి, మాట కొలిచి మాట్లాడతారు. "లాను ఎండితే క్లబ్బుకు ఎవలొస్తరు జీవరాజు? పెండ్లి రిసెప్షన్లన్నీ గా లాను మీదనేనాయె" అన్నారు. మిగతావాళ్ళు ఇంకా లోతుగా బోరు వేయిద్దామన్నారు. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. మోటరు వేయకుండా దసరా దాకా పచ్చిక నిలబెడతానని అనేశాను. బాపురావుగారు నవ్వలేదు. "సరె. దసరకు పచ్చగుంటే నీ మాట. ఎండితే బోరు పడ్తది, మేనేజరు మారుతడు" అన్నారు. మేనేజరు మారితే గేటు పక్కన నేనుండే క్వార్టరు కూడా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మోటరు కట్టేశాక పచ్చికంతా గోధుమరంగుకు తిరుగుతోంది, వంటింటి వెనక మూల తప్ప. అక్కడ ఎవరూ చుక్క నీళ్ళు పోయరు. అయినా గడ్డి చీలమండ దాకా పెరిగింది, ఎవరూ నాటని మెట్టతామర పూసింది. ఎందుకు?

నీ తమ్ముడు
జీవరాజు


బోధన్,
20 ఏప్రిల్ 1987

తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావ ఒకసారి చదివి, "మీ తమ్మునికి కొలువు బరువైనట్టుంది" అని పక్కన పెట్టేశాడు. నాకు మాత్రం ఆ రోజంతా పిల్లల నోట్సులు దిద్దబుద్ధి కాలేదు.

వంటింటి తూము ఎక్కడో పగిలి ఉంటుంది, అంతే. గిన్నెలు కడిగిన నీళ్ళు ఆ మూలకు ఊరుతున్నాయి. మన అవ్వ చేమాకు ఎక్కడ పెట్టేదో మరచిపోయావా? అంట్లు తోమే బండ పక్కన. నువ్వు పెరిగింది ఆ కూర తిని, ఇప్పుడేమో నన్ను ఎందుకని అడుగుతున్నావు.

అయితే పగిలిన తూముకు వదిలేస్తే కుదరదు. నూనె గడ్డి వేళ్ళకు పట్టి ఊపిరి ఆడనివ్వదు, దోమలు కూడా. నేనైతే ఇలా చేస్తాను. వంటిల్లు, చేతులు కడిగే తొట్లు, స్నానాల గదులు, వీటి నీళ్ళు మాత్రమే ఒక చోటికి మళ్ళించు. పాయఖానా నీళ్ళు దగ్గరికి కూడా రానీయకు. మొదటి గుంతలో చెరకు పిప్పి వెయ్యి, అది జిడ్డును పట్టేస్తుంది. దాని తర్వాత పొడుగాటి మడి తవ్వి, ఇటుక ముక్కలూ కంకరా ఇసుకా పరిచి, పైన నీ మెట్టతామర దగ్గరదగ్గరగా నాటు. దాని వేళ్ళు మురికిని తిని బతుకుతాయి. మడి చివర ఇంకో గుంత, అందులో తేటనీరు చేరాలి. ఆ నీళ్ళు పచ్చికకు పోయించు. పిప్పికి నువ్వు ఇబ్బంది పడక్కర్లేదు, మన బోధన్ వైపు ఏ గానుగ దగ్గరైనా కుప్పలే.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అంటే నాకూ తెలియదు. పుస్తకంలో చదివింది కొంత, అవ్వ దగ్గర చూసింది కొంత. ప్రతి వారం వాసన ఎలా ఉందో, రంగు ఎలా ఉందో నాకు రాయి.

ఒక్క ప్రశ్న. పచ్చిక మీదికి వచ్చేది అంట్లు కడిగిన నీళ్ళని మీ కమిటీకి చెప్పావా?

అక్క
జ్ఞానమ్మ


నిజామాబాద్,
9 జూన్ 1987

అక్కా,

నీ శాస్త్రం నా పరువు తీసింది.

గుంతలు తవ్వించాం, మడి నింపాం, పోశయ్య మెట్టతామర దుంపలు వరుసగా నాటాడు. పిప్పి కోసం బోధన్ దాకా ఎందుకని బస్టాండు దగ్గర చెరకు రసం బండ్లవాళ్ళను అడిగాను. వాళ్ళు సంతోషంగా బస్తాలకు బస్తాలు ఇచ్చారు, పచ్చిగా, తడిగా. అదంతా మొదటి గుంతలో వేశాం. పైనుంచి వంటింటి వేడినీళ్ళు, మే నెల ఎండ.

వారం తిరక్కుండానే క్లబ్బు వెనక నుంచి ఒక వాసన మొదలైంది. పుల్లగా, తియ్యగా, ముక్కు పట్టేసేలా. నాకు అది దేని వాసనో తెలియదు, మనింట్లో ఎప్పుడూ లేదు కదా. పోశయ్యకు తెలుసు. నోరు మూసుకొని నవ్వాడు. "సారూ, గిది గుడుంబ వాసన" అన్నాడు. సాయంత్రం పేకాట దగ్గరివాళ్ళు ఒక్కొక్కరే ముక్కులు ఎగబీల్చుకుంటూ వెనక్కి వచ్చారు. ఒకాయన, "ఏంది జీవరాజు, మన బార్ల మాల్ ఖరీదని సొంతంగ బట్టి పెట్టినవా?" అన్నాడు. మా సభ్యుల్లో ఎక్సైజు ఆయన ఒకరున్నారు. ఆయన రుమాలు అడ్డం పెట్టుకొని గుంత చుట్టూ తిరిగి, కర్రతో కెలికి వెళ్ళిపోయారు. ఆదివారం చర్చిలో పాస్టరుగారు మద్యం మీద ప్రసంగం చేస్తూ నావైపు రెండుసార్లు చూశారు. జన్మలో చుక్క ముట్టని మెథడిస్టును నేను.

కమిటీ పిలిచి అడిగితే, చెట్లకు ఎరువు తయారు చేస్తున్నానని చెప్పాను. పిప్పి తీయించి పారేశాను. ఇప్పుడు ఏం వెయ్యాలో చెప్పు. మడి మాత్రం బాగుంది. రెండో గుంతలోకి సన్నగా నీళ్ళు దిగుతున్నాయి, రంగు పలచని టీలా ఉంది. వానల జాడ లేదు.

జీవరాజు


బోధన్,
17 జూన్ 1987

తమ్మీ,

నీ ఉత్తరాన్ని మీ బావ మా బడికి వచ్చి మరీ స్టాఫ్ రూములో వినిపించేదాకా ఊరుకోలేదు. మా హెడ్‌మిస్ట్రెస్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నేను గానుగ పిప్పి అన్నాను, అది ఎండకు ఎండి సత్తువ పోయినది. నువ్వు రసం కారేది తెచ్చి పోశావు. తీపి ఉంటే పులుస్తుందని ఏడో తరగతి పిల్ల కూడా చెబుతుంది. ఎండిన పిప్పి రెండు బస్తాలు కట్టించాను, మీ బావ బస్సు మీద వేసుకొని వస్తాడు. పచ్చిక చుట్టూ చెట్ల మొదళ్ళలో చెరకాకు కూడా పరిపించు, తడి ఆరదు.

టీ రంగు తగ్గుతుంది, వేళ్ళు సాగనీ. నీళ్ళు సీసాలో పట్టి ఎండలో పెట్టి చూడు, మరునాటికి వాసన రాకపోతే మంచి గుర్తు.

ఇక నేను పెట్టిన ఒక్క ప్రశ్నకు తప్ప అన్నిటికీ జవాబు రాశావు. ఎరువు తయారు చేస్తున్నానని చెప్పావట. తమ్మీ, అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

జ్ఞానమ్మ


నిజామాబాద్,
23 ఆగస్టు 1987

అక్కా,

పచ్చగా ఉంది. ఊళ్ళో కలెక్టరు బంగ్లా గడ్డి కూడా ఎండిపోయింది, మాది పచ్చగా ఉంది. రెండో గుంతలో నీళ్ళ అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. సీసాలో పట్టి మూడు రోజులు ఎండలో పెట్టాను, వాసన లేదు. పోశయ్య మడి గట్టు పొడుగునా బంతి నాటాడు. ఆ నీళ్ళకే అవి మొగ్గ తొడిగాయి. కప్పలు కూడా వచ్చాయి. ఇంత కరువులో అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అంతు పట్టడం లేదు, నీకేమైనా తెలుసా?

మోటరు గదికి తాళం వేసి నాలుగు నెలలు దాటింది. వాడలో బోరింగు సన్నగానైనా ఆగకుండా పోస్తోంది. గంగమణి మొన్న చర్చిలో అందరి ముందూ నా పేరు చెప్పి ప్రార్థన చేసింది. నేను తల వంచుకొని కూర్చున్నాను.

తల వంచుకోవటానికి కారణం నువ్వు అడిగే ప్రశ్నే. చెప్పలేదక్కా. మొదట పని అవుతుందో లేదోనని చెప్పలేదు. ఇప్పుడు పని అయింది కాబట్టి చెప్పలేకపోతున్నాను. బాపురావుగారి తల్లి రుక్మాబాయిగారు మద్నూరు వైపు ఆవిడ, మడి ఆచారం గల మనిషి. రోజూ పొద్దున చెప్పులు విడిచి ఈ పచ్చిక మీద నడుస్తారు. కాళ్ళ మంటలు తగ్గాయని కొడుకుతో చెప్పారట. పక్కవాడు కొరికిన పండు ముట్టని మనుషులకు, మీరు నడుస్తున్నది పదిమంది ఎంగిలి కడిగిన నీళ్ళ మీద అని ఎలా చెప్పను? చెప్పిన రోజే మోటరు తాళం తీస్తారు. నాతో పాటు బోరింగు కూడా పోతుంది. ఊరుకుంటే ఎవరికి నష్టం?

జీవరాజు


నిజామాబాద్,
27 సెప్టెంబరు 1987

అక్కా,

తపాలాకు ఆగలేక బోధన్ బస్సులో తెలిసిన కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

బతుకమ్మ మొదలైంది. ఈ ఏడు ఊళ్ళో పూలు లేవు. గునుగు మొలవలేదు, తంగేడు పూయలేదు, బజార్లో బంతిపూలను మందుగోళీల్లా లెక్కపెట్టి అమ్ముతున్నారు. సభ్యుల ఇళ్ళ ఆడవాళ్ళు రోజూ సాయంత్రం మా పచ్చిక మీదే ఆడుతున్నారు. ఇవాళ రుక్మాబాయిగారు వెనకవైపు వచ్చి మడి చూశారు. నేను గబగబా వెనకే వెళ్ళాను. ఎర్రటి మెట్టతామర, గట్టు మీద బంతి. ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఇన్ని పూలు పెట్టుకొని సప్పుడు జేస్తలేవు జీవరాజు. సద్దుల బతుకమ్మకు గివన్నీ మాకే. ఒక్కటి గూడ ఎవలకియ్యకు" అన్నారు.

నేను సరేనన్నాను. ఇంకేమంటాను?

ఇంటికి వచ్చాక ఇదే ఆలోచిస్తున్నాను. పచ్చిక మీద నడవటం వేరు. ఆ పూలను పేర్చి, పైన పసుపు గౌరమ్మను పెట్టి మొక్కుతారు. తెలిస్తే ఆ పూలు ముట్టుకుంటారా? తెలియకుండా ముట్టుకోనివ్వటం సరైనదా? ఇంకోవైపు చూస్తే, దసరా ఇంకో ఐదు రోజులే. అది దాటితే బాపురావుగారి మాట ప్రకారం గెలుపు నాదే. పూలకు తెగులు పట్టిందని చెప్పి రాత్రికి రాత్రి కోయించేద్దామా అని కూడా అనిపించింది. నువ్వేమంటావు?

జీవరాజు


బోధన్,
28 సెప్టెంబరు 1987

తమ్మీ,

దీన్ని మీ బావ చేతికే ఇస్తున్నాను.

పూలు కోయించకు. అవి ఏ తప్పూ చేయలేదు.

వెళ్ళి చెప్పు. చర్చిలో మనం తీసుకునే ప్రభువు బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం గురించి ఎవరైనా ఏదో తెలిసీ దాచిపెట్టి, మన చేత తీసుకోనిచ్చారనుకో. దానితో జబ్బు రాకపోవచ్చు. అయినా నువ్వు వాళ్ళను క్షమించటానికి ఎంత కాలం పడుతుంది? వాళ్ళ పండుగ మన పండుగ కాదు కాబట్టే మరింత జాగ్రత్తగా ఉండాలి. నీళ్ళు శుభ్రమా కాదా అన్నది నువ్వూ నేనూ సీసాల్లో పెట్టి తేల్చుకోవచ్చు. ఆ పూలు గౌరమ్మకు పనికి వస్తాయా రావా అన్నది తేల్చవలసింది వాళ్ళు.

నీ దగ్గర ఒకటి దాచాను, అదీ చెబుతాను. ఆగస్టులో మా హెడ్‌మిస్ట్రెస్ బంధువుల రిసెప్షన్‌కు మీ క్లబ్బుకు వచ్చాను. నువ్వు ఆర్మూరు పోయావన్నారు. చెప్పులు విడిచి పచ్చిక మీద కూర్చున్నాను, ఎంత చల్లగా ఉందో. పక్కనున్న ఆవిడ, ఈ కరువులో ఇంత పచ్చగా ఎట్ల పెట్టిండ్రో అని ఆశ్చర్యపోయింది. గర్వంతో జవాబు నా నాలుక చివరి దాకా వచ్చింది. అయినా చెప్పలేదు. అడిగిన మనిషికి చెప్పలేని సైన్సు నేను పిల్లలకు ఎలా చెబుతున్నానో అని ఆ రోజు నుంచీ మనసులో ముల్లులా ఉంది. అందుకే నీకు ఇంత గట్టిగా రాస్తున్నాను.

క్వార్టరు పోతే బోధన్‌లో మన ఇల్లుంది. బోరింగు సంగతి నాకూ భయంగానే ఉంది. అయినా చెప్పు.

అక్క


నిజామాబాద్,
3 అక్టోబరు 1987

అక్కా,

బావ నీ ఉత్తరం ఇచ్చి టీ కూడా తాగకుండా నా ముఖమే చూస్తూ కూర్చున్నాడు. చదివి, అలాగే లేచి బాపురావుగారి ఇంటికి వెళ్ళాను. తల్లీకొడుకులు ఇద్దరూ ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను. తూము, గుంతలు, పిప్పి, అంట్ల నీళ్ళు, పూలు. బోరింగు గురించి కూడా మళ్ళీ చెప్పాను.

బాపురావుగారి ముఖం ఎర్రబడింది. ఆయన నోరు తెరిచేలోగా రుక్మాబాయిగారు అందుకున్నారు. "ఇన్నొద్దుల సంది గా గడ్డి మీద ఒట్టి కాళ్ళతోని నడిచిన. నువ్వు గేటు కాడ నిలవడి నమస్తే వెట్టినవ్. ఒక్కనాడన్న నోరు లేసిందా నీకు?" అన్నారు. క్షమించమన్నాను. "క్షమించుడు తర్వాత. సూపెట్టు పా" అన్నారు.

ముగ్గురం వచ్చాం. ఆవిడ తూము దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ అడిగారు. ఇది ఎక్కడి నుంచి వస్తుంది, జిడ్డు ఎక్కడ ఆగుతుంది, చెట్టుకు ఇది తిండి ఎట్లయితది, పాయఖానా నీళ్ళు కలవవని ఏమిటి నమ్మకం. నీ బడిలో పిల్లలు కూడా అన్ని ప్రశ్నలు అడిగి ఉండరు. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిచోట తెలియదన్నాను. చివరి గుంత దగ్గర ఆవిడ గట్టు మీద కూర్చొని దోసిట్లో నీళ్ళు తీసుకొని వాసన చూశారు. నీళ్ళలో కప్ప ఒకటి ఈదుతోంది. చాలాసేపు దాన్నే చూశారు.

"పొలానికి పెంటెరువు ఏస్తం. గా పొలంల వండిందే నైవేద్యం వెడ్తం. గప్పుడు లేని పట్టింపు గిప్పుడెందుకు?" అన్నారు, మాతో కాదు, తనలో తాను. తర్వాత కొడుకువైపు తిరిగి, "పూలు తెంపుకుంట. ఇష్టం లేనోళ్ళు తెంపుకోరు. గని అందరికీ ముందుగాల జెప్పాలె" అన్నారు.

అందరికీ చెప్పారు కూడా. నాలుగు ఇళ్ళవాళ్ళు రాలేదు. ఒకావిడ వచ్చి, విని, తన బతుకమ్మను ఎత్తుకొని వెళ్ళిపోయింది. అది నాకు బాధగానే ఉంది.

బతుకమ్మ ఆఖరి రోజైన సద్దుల సాయంత్రం ఆట అయిపోయాక అందరూ ఒకచోట ఆగిపోయారు. బతుకమ్మలను సాగనంపటానికి నీళ్ళు లేవు. ఊరి చెరువు నెర్రెలు విచ్చింది, అడుగున బురద కూడా లేదు. నలభై మంది ఆడవాళ్ళు పూలు ఎత్తుకొని నిలబడ్డారు. బకెట్లో వేద్దామని ఒకరన్నారు. రుక్మాబాయిగారు ఎవరినీ అడగలేదు. తన బతుకమ్మను నడుమున పెట్టుకొని వంటింటి వెనక్కి నడిచారు. నాకు అర్థమయ్యేలోపే రెండో గుంత గట్టు దిగారు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మెల్లగా వదిలారు. బతుకమ్మ మునగలేదు, కాస్త పక్కకు ఒరిగి తేలింది. ఆ తర్వాత మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు దిగారు.

అప్పుడు వెనక గేటు చప్పుడైంది. వాడ ఆడవాళ్ళు. వాళ్ళ చేతుల్లో చిన్నచిన్నవి, ఎక్కువగా ఆకులే. వాళ్ళూ చెరువు దాకా వెళ్ళి తిరిగి వచ్చారట. గంగమణి కూడా వాళ్ళకు తోడు వచ్చింది. ఈ క్లబ్బు కట్టినప్పటి నుంచి ఆ గేటు వాడవైపు తెరవలేదు. నేను బాపురావుగారిని చూశాను, ఆయన తల్లిని చూశారు. "సూస్తవేంది, తియ్యిరా" అన్నారావిడ నీళ్ళలో నుంచే. తాళం తుప్పు పట్టింది. బాపురావుగారు స్వయంగా రాయితో కొట్టి విరగ్గొట్టారు.

నిన్న దసరా. పచ్చిక పచ్చగానే ఉంది. అయినా దాచిపెట్టి గెలిచిన పందెం పందెం కాదని నేనే రాజీనామా రాసుకొని వెళ్ళాను. బాపురావుగారు దాన్ని చదివి తల్లికి ఇచ్చారు. ఆవిడకు చదువు రాదు. మడిచి, పండుగకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద గిన్నె కింద పెట్టారు. నా చేతిలో మలీద ముద్ద పెట్టి, "మోటరు రూము తాళపుచెవి యాడుంది?" అని అడిగారు.

అయిపోయిందనుకున్నాను. జేబులోంచి తీసి ఇచ్చాను. గంగమణి ముఖం కళ్ళ ముందు మెదిలింది.

ఆవిడ దాన్ని కొంగుకు ముడివేసుకొని నడుముకు దోపుకున్నారు. "ఇగ గిది నా కాడనే ఉంటది. బోరు, మోటరు అని నా కొడుకు మళ్ళ గనక అంటే నన్నడుగుమను. నువ్వు పోయి పని జేస్కో. గుంతల పూలు కుళ్ళకముందే తీపియ్యి, కప్పలు సస్తయి" అన్నారు.

పోశయ్యా నేనూ పొద్దున్నుంచి పూలు తీసి మెట్టతామర మొదళ్ళలో వేస్తున్నాం. కప్పలన్నీ బాగానే ఉన్నాయి. ఆవిడ రేపు మళ్ళీ వస్తానన్నారు, ఇంకా ఏవో అడగాలట. నువ్వు ఈ ఆదివారం రాగలవా? నాకు తెలియనివే చాలా ఉన్నాయి.

నీ తమ్ముడు
జీవరాజు